వెనక్కి నడిచిన ఎద్దులు, ఇల్లు చేరిన కుక్క

తప్పిపోయిన కుక్క వందల కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరిందన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి వార్తలన్నిటికీ పెద్దన్న బాబీ కథ. 1923 ఆగస్టులో, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం సిల్వర్టన్ పట్టణంలో హోటలు నడిపే ఒక కుటుంబం కారులో ఇండియానాకు చుట్టపుచూపుగా వెళ్లింది. అక్కడి వూల్కాట్‌లో కుక్కలు తరమడంతో వాళ్ల కోలీ జాతి కుక్క బాబీ కనిపించకుండా పోయింది. వెతికి వేసారి తిరిగి వచ్చేశారు. 1924 ఫిబ్రవరి 15న అది బక్కచిక్కి, గోళ్లు అరిగి, సిల్వర్టన్‌లో ప్రత్యక్షమైంది. దాదాపు 4,000 కిలోమీటర్ల దారి, మధ్యలో రాకీ పర్వతాలు, పైగా చలికాలం.

పత్రికలు దాన్ని విశ్వాసానికి పరాకాష్ఠ అన్నాయి. అదే దారిలో ఎనభై ఏళ్ల ముందు నడిచినవాళ్లు మాత్రం ఈ గుణాన్ని తిట్టుకున్నారు.

1840ల నుంచి మిసోరీలోని ఇండిపెండెన్స్ పట్టణం మీదుగా, సిల్వర్టన్ కూడా ఉన్న విలామెట్ లోయకు బండ్ల వలస సాగింది. సుమారు 3,200 కిలోమీటర్లు, ఐదారు నెలలు. బండ్లు లాగినవి ఎక్కువగా ఎద్దులే. రాత్రి మేతకు వదిలితే వాటిలో కొన్ని వచ్చిన దారినే వెనక్కి పట్టేవి. ఎద్దులు పోతే బండి నడి మైదానంలో ఆగిపోయినట్టే. అందుకే రాత్రి కాపలాలు, ముందరికాళ్లకు బంధాలు. సరుకు మోసే కంచర గాడిదల దగ్గర ఇంకో ఉపాయం పనిచేసేది: ఒక ఆడగుర్రం మెడలో గంట కడితే అవి దాన్ని విడిచి పోయేవి కావు. అంటే వాటి మమకారం చాలాసార్లు యజమాని మీద కాదు, మేసిన చోటు మీద, తోటి జంతువు మీద.

ఆ గుణాన్ని పనికి మలుచుకున్న పశువుల ఆసామి చార్లెస్ గుడ్‌నైట్. టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయ నుంచి రైలు ఉన్న డాడ్జ్ సిటీకి, సుమారు 400 కిలోమీటర్లు, ఆయన మందలను నడిపించింది ఓల్డ్ బ్లూ అనే ఎద్దు. మెడలో గంటతో అది ముందు నడిస్తే వేల పశువులు వెంట నడిచేవి. రాత్రిళ్లు గంట నాలుక కట్టేసేవారు. మంద అమ్ముడుపోయి కోతకు వెళ్లేది, బ్లూ మాత్రం గుర్రాలతో కలిసి ఇంటికి వచ్చేది. తన వెంట వచ్చినవాటిని అమ్మించి తాను తిరిగొచ్చిన ఆ ఎద్దును విశ్వాసపాత్రమని పొగడాలంటే నాకు నోరు రాదు.

మరి కుక్కలో? అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించిన లూయిస్, క్లార్క్‌ల యాత్రలో లూయిస్ 20 డాలర్లు పోసి కొన్న సీమన్ అనే కుక్క పసిఫిక్ వరకూ వెళ్లింది. యాత్ర 1806 సెప్టెంబరులో ముగిసింది. యాత్రికుల డైరీల్లో సీమన్ ప్రస్తావన జులైతోనే ఆగిపోయింది. కుక్క ఇల్లు చేరిందా లేదా అన్నది ఆ డైరీల్లో రాసుకోదగ్గ సంగతి కాలేదు.

బాబీ నాటికి బండ్లు పోయి కార్లు, పత్రికలు వచ్చాయి. దారిలో తిండి పెట్టామని, పడుకోనిచ్చామని జనం ఉత్తరాలు రాశారు. ఒరెగాన్ జంతు సంక్షేమ సంఘం విచారించి, వాటి ఆధారంగా బాబీ నడిచిన దారిని కూర్చింది. పేరు మోగిన తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ నిక్కమేనా అన్న అనుమానం నాకుంది. కుక్క తిరిగొచ్చిన మాట మాత్రం నిజం.

అది దారి ఎలా పట్టిందన్నది ఇప్పటికీ తేలలేదు. 2020లో చెక్ దేశపు పరిశోధకులు 27 వేట కుక్కలకు జీపీఎస్ కట్టి అడవిలో వదిలారు. వాటిలో కొన్ని తిరుగుదారి పట్టే ముందు ఉత్తర దక్షిణాల వెంట ఓ ఇరవై మీటర్లు పరుగెత్తాయి. భూమి అయస్కాంత క్షేత్రాన్ని పసిగడుతున్నాయేమోనని వారి ఊహ. అయితే అవి తిరిగింది అడవిలో కొద్దిపాటి దూరాలే.