స్కానింగ్ రిపోర్టులో ఆ ఒక్క లైను

అనంతపురంలో మా మామ కడుపు స్కానింగ్ రిపోర్టు నా చేతికిచ్చి "ఏం లేదంట అల్లుడా, గ్యాసంట" అన్నాడు. లివర్ బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, క్లోమం దగ్గరికొచ్చేసరికి మాత్రం పేగుల్లో గ్యాస్ అడ్డం రావడం వల్ల సరిగా కనిపించలేదని రాసుంది. మన ఊళ్లలో ఎన్ని రిపోర్టుల్లో ఉంటుందో ఈ లైను! చదివినవాళ్లలో చాలామంది దాన్ని గ్యాస్ ట్రబుల్ అనే అనుకుంటారు. మా మామా అంతే, రెండు నెలలు ఓమ నీళ్లు, సోడా, పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర. ఆ లైను చెప్పింది "నాకు కనపడలేదు" అని, ఈయన విన్నది "ఏం లేదు" అని.

తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనగానే మా వైపు ముందు గుర్తొచ్చేది పసరు మందే కదా, దానికో పది రోజులు పోయాయి. చివరికి సీటీ తీస్తే క్లోమం తల భాగంలో గడ్డ. అదే వారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది, కోత లేదు, కుట్టు లేదు, శబ్దంతో క్లోమం క్యాన్సర్ మాయం అని. ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి కాబట్టి అందరూ నన్నే అడిగారు, నిజమేనా అని. పూర్తిగా అబద్ధమైతే ఒక్క మాటలో తేల్చేసేవాణ్ణి, అందులో సగం నిజం ఉంది, అదే చిక్కు.

చిన్నప్పుడు ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చనివాళ్లు అనంతపురంలో ఉండరు, మాకు ఎండకేం కొదవ. ఇక్కడ జరిగేదీ అదే, వెలుగు బదులు శబ్దం. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినపడుతుంది, ఈ చికిత్సలో వాడేది సుమారు 10 లక్షల కంపనాల అల్ట్రాసౌండు. గిన్నెలా లోపలికి వంగిన పరికరం నుంచి బయల్దేరిన తరంగాలు చర్మం మీద బాగా పరుచుకుని ఉంటాయి కాబట్టి దారిలో ఎక్కడా పెద్దగా వేడి పుట్టదు, అన్నీ వెళ్లి ఒక్క చోట కలుస్తాయి. మామూలు స్కానింగులో చదరపు సెంటీమీటరుకు ఒక వాట్ కూడా ఉండదు, ఇక్కడ కలిసే చోట వెయ్యి వాట్లు దాటుతుంది. క్షణాల్లో 60 డిగ్రీలు మించి వేడెక్కి, ఉడికిన గుడ్డు తెల్లసొన గట్టిపడినట్టు అక్కడి కణాలు గట్టిపడి చస్తాయి. ఆ చోటు ఎంతుంటుందంటే బియ్యపు గింజంత, మహా అయితే అంతకన్నా కాస్త పొడుగు. గడ్డ మూడు నాలుగు సెంటీమీటర్లుంటే, బుడ్డలు విత్తినట్టు గింజ పక్కన గింజ, వరస పక్కన వరస కాల్చుకుంటూ పోవాలి, గంట దాటిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1942లోనే అమెరికాలో జంతువుల కణజాలం మీద చేసి చూశారు, 1950ల్లో ఇల్లినాయ్‌లో ఫ్రై అన్నదమ్ములు మెదడులో చిన్న చిన్న చోట్లను గురి చూసి కాల్చే పరికరాలు తయారు చేశారు. లోపల ఎక్కడ కాలుతోందో చూసే దారి లేక చాలాకాలం ముందుకు సాగలేదు. ఎంఆర్ఐ, మంచి అల్ట్రాసౌండు యంత్రాలు వచ్చాక మళ్లీ ఊపందుకుంది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలకు అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2004లో ఒప్పుకుంది, చేతి వణుకు జబ్బుకు 2016లో. క్లోమం క్యాన్సర్ మీద 2000 తర్వాత చైనాలో ఎక్కువగా చేస్తూ వచ్చారు, యూరప్‌లోనూ కొన్ని చోట్ల చేస్తారు.

మరి క్లోమం దగ్గర ఎందుకింత తిప్పలు? అది ఉండే చోటు అలాంటిది. వెన్నెముకకు ఆనుకుని, ముందు జీర్ణాశయం, పక్కన చిన్నపేగు, పైనుంచి పెద్దపేగు. వీటి నిండా గాలి. శబ్దం నీటిలోంచి కండలోకి హాయిగా పోతుంది కానీ గాలి తగిలిందంటే నూటికి 99 పాళ్లకు పైగా వెనక్కి తిరిగొస్తుంది. స్కానింగ్ చేసేటప్పుడు పొట్ట మీద చల్లగా జెల్ పూసేది అందుకే, చర్మానికీ పరికరానికీ మధ్య పల్చటి గాలి పొర కూడా ఉండకూడదు. ఇక పేగుల్లోని గాలికి జెల్ ఎక్కడ పూస్తాం?

స్కానింగుకైతే గ్యాస్ అడ్డొస్తే బొమ్మ కనపడదు, అంతే. కాల్చే శబ్దానికి అడ్డొస్తే ఆ శక్తంతా పేగు గోడ మీద పడుతుంది, పేగు కాలి చిల్లు పడే ప్రమాదం ఉంది. అందుకని ముందునుంచే తేలిక తిండి, పేగులు ఖాళీ చేయడానికి విరేచనాల మందు, రాత్రంతా ఉపవాసం. బల్ల మీద పడుకోబెట్టాక గాలి తీసేసిన నీళ్లు నింపిన సంచితో పొట్టను నొక్కి పేగుల్ని పక్కకు నెడతారు. ఊపిరి తీస్తే క్లోమం కూడా కదులుతుంది కదా, గురి తప్పకుండా మత్తు కూడా ఇస్తారు. ఇంత చేసినా కొందరిలో శబ్దానికి దారే దొరకదు, వాళ్లకు చేయరు. చర్మం కాలడం, క్లోమం వాచడం లాంటివి అప్పుడప్పుడు జరుగుతాయి. కోత లేదన్నంత మాత్రాన ఇది పన్ను పీకించుకున్నంత తేలికని అనుకోవద్దు.

ఇంతా చేస్తే ఒరిగేదేంటి? అన్నిటికన్నా గట్టిగా కనపడే ఫలితం నొప్పి తగ్గడం. నాకైతే ఇది చిన్న విషయం అనిపించలేదు. క్లోమం వెనకే నరాల ముడి ఒకటుంది, గడ్డ దాన్ని పట్టుకుంటే వెల్లకిలా పడుకోలేరు, రాత్రంతా ముందుకు వంగి కూర్చుని తెల్లారేదాకా చూస్తారు. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే పదిమందిలో సుమారు ఎనిమిది మందికి నొప్పి బాగా తగ్గింది. కాకపోతే వాటిలో చాలావరకు చిన్నవి, ఈ చికిత్స తీసుకోనివాళ్లతో పోల్చి చూసినవి తక్కువ. ఆయుష్షు పెరుగుతుందా అంటే గట్టిగా అవునని చెప్పే ఆధారం లేదు, మాయం అవుతుందనే మాట అసలే వద్దు. ఈ క్యాన్సర్ గడ్డ దగ్గరే ఆగేది కాదు, బయటపడే సరికే చాలామందిలో లివర్‌కో మరో చోటికో పాకి ఉంటుంది.

నాకు వీడియో మీద కోపం వచ్చింది ఇక్కడే. ఈ జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్నది ఆపరేషన్ చేయగలిగిన 15, 20 శాతం మందికి, అది 1935లో అమెరికా సర్జన్ అలెన్ విపుల్ ప్రకటించిన, ఆయన పేరుతోనే పిలిచే పెద్ద ఆపరేషన్, వింటేనే భయమేస్తుంది. ఆ భయంతో ఆపరేషన్‌కు పనికొచ్చే మనిషి "కోత లేని వైద్యం" అంటూ నెలలు వెతుక్కుంటూ తిరిగితే పోయేది ఆ ఒక్క అవకాశమే. ఆపరేషన్ కుదరనివాళ్లకు కీమోనే ముఖ్యం, శబ్ద చికిత్స దాని పక్కన నొప్పి కోసం, దాని బదులు కాదు.

ఇంకో ముచ్చట, ఇది నాకు భలే నచ్చింది. క్లోమం గడ్డ చుట్టూ గట్టి నార లాంటి కణజాలం పేరుకుని ఉంటుంది, మందు లోపలికి ఇంకదు. నార్వేలోని బెర్గెన్‌లో పదిమందికి కీమోతో పాటు ఎర్ర రక్తకణం కన్నా చిన్నవైన గ్యాస్ బుడగల్ని రక్తంలోకి ఎక్కించి, పైనుంచి మామూలు స్కానింగ్ శబ్దాన్నే గడ్డ మీదికి పంపారు. బుడగలు ఉబ్బుతూ తగ్గుతూ కదిలితే మందుకు దారి పడుతుందని ఆలోచన. పదిమందితో ఏదీ తేలదు గానీ, ఇన్నాళ్లూ అడ్డమనుకున్న గ్యాస్‌నే పనిలో పెట్టుకోవడం చూడండి. వేడి లేకుండా బుడగల తాకిడితోనే కణాల్ని చిదిమేసే హిస్టోట్రిప్సీ అనే పద్ధతికి 2023లో ఎఫ్‌డీఏ లివర్ గడ్డల వరకు ఒప్పుకుంది, క్లోమం మీద ఇంకా పరీక్షలే నడుస్తున్నాయి.

మామకు గడ్డ రక్తనాళాన్ని చుట్టుకుని ఉండటంతో ముందు పిత్తనాళం మూసుకుపోకుండా అందులో స్టెంటు అనే సన్నటి గొట్టం వేశారు, కామెర్లు దిగాయి. రెండు వారాలకోసారి బెంగళూరులో కీమో. పోయినసారి రైల్లో ఇదంతా చెప్పాను, గాలి, నీళ్ల సంచి, బియ్యపు గింజంత మంట, అన్నీ. హిందూపురం దాటేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత టిఫిన్ డబ్బా మూత తీస్తూ అన్నాడు, "అంటే అప్పుడు నన్ను చూడనీకుండా చేసింది గ్యాసే, ఇప్పుడు కాల్చనీకుండా అడ్డమొచ్చేదీ గ్యాసే. ఏమప్పా, ఆ సోడాలన్నీ ఎందుకు తాగినట్టు నేను?"