అతుక్కుపోయిన కుబుసాన్ని ఒలవకండి

హైదరాబాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ పెంపుడు కొండచిలువ బాల్ పైథాను కుబుసం ఈసారి ముక్కలుగా ఊడిందనీ, నడుము మీదా తోక చివరా ఇంకా పొర అతుక్కుని ఉందనీ, దాన్ని వేళ్లతో తీసెయ్యవచ్చా అనీ అడిగారు. తీయవద్దు. దాని కింద చర్మం ఇంకా లేతగా ఉంటుంది కనుక, బలవంతంగా లాగితే కొత్త పొలుసులు కూడా లేచి పుండు పడుతుంది.

కుబుసం విడిచే ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ఒక ద్రవం చేరుతుంది. ఒళ్లు మసకబారి, కళ్లు పాలనీలంగా మారేది అందువల్లనే. కొన్నాళ్లకు కళ్లు తేటపడతాయి. ఆ తరువాత పాము తన మూతిని గరుకైన కర్రకో రాతికో రాసి, పెదవుల దగ్గర పొరను వదులు చేసుకుని, మేజోడు తిరగేసి తీసినట్లు తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా విడిచిపెడుతుంది. గాలిలో తేమ చాలకపోతే మాత్రం పొర ఎండి, బిగిసి, చిరిగిపోతుంది. ఆఫ్రికాలో ఈ పాము పగలు నేల బొరియల్లో దాక్కుంటుంది. దానికి మామూలు రోజుల్లో 55 నుంచి 60 శాతం, కుబుసం వేళ 70 శాతం దాకా తేమ కావాలి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో 30 శాతం ఉంటే గొప్ప. నా అనుమానమంతా మీ గదిలోని ఏసీ మీదే.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో, పాము పొట్ట మాత్రమే మునిగేలా, 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసి, ఇరవై నిమిషాలు అందులో ఉంచండి. పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. ఆపైన తడి తువ్వాలును వదులుగా పట్టుకుని, పామును దాని మడతల్లోంచి తనంతట తానే పాకనివ్వండి. నానిన పొర ఆ రాపిడికే జారుతుంది. జారకపోతే మర్నాడు మళ్లీ చేయండి. కొబ్బరినూనె రాయమని ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అంటారు, వినకండి. గూటిలో తడి నాచు పరిచిన చిన్న దాగుడు డబ్బా కూడా పెట్టండి.

తోక చివరను అశ్రద్ధ చేయకూడదు. అక్కడ మిగిలిన పొర ఉంగరంలా బిగిసి, రక్తం ఆడక, ఆ కొస నల్లబడి రాలిపోవచ్చు. కళ్ల సంగతి ఇంకా సున్నితం. పాముకు రెప్పలుండవు, కంటి మీద ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోనే ఊడాలి. విడిచిన కుబుసంలో తల భాగాన్ని విప్పి, ఆ రెండు గుండ్రని పొలుసులూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పట్టకారుతో కెలకవద్దు, కన్నే పోవచ్చు. తేమ సరిచేస్తే చాలాసార్లు తరువాతి కుబుసంతో అదే పోతుంది. రెండోసారి కూడా నిలిచిపోతే వైద్యునికి చూపించాలి.

తేమ సరిపోయినా ప్రతిసారీ ఇలాగే అవుతుంటే, పొలుసుల సందుల్లో నల్లని చుక్కల్లాంటి పురుగులు ఉన్నాయేమో వెతకండి. కుక్కలనూ పిల్లులనూ చూసే ప్రతి డాక్టరూ పామును చూడరు కాబట్టి, చూసేవారు ఎవరో ముందుగానే కనుక్కుని, తీసుకువెళ్లేటప్పుడు విడిచిన కుబుసం ముక్కలన్నిటినీ ఒక కవరులో వెంట పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య