మాట నాయకుడిది, కేసు ఛానెల్ మీద

ప్రచార సభలో నాయకుడు అభ్యంతరకరంగా మాట్లాడితే, ఆ మాటలను ప్రసారం చేసినవారిని కూడా బాధ్యులను చేయాలా అన్న వివాదం విజయవాడ, గుంటూరు నగరాల్లో మళ్లీ రాజుకుంది. ఎన్నికల వేళ పార్టీలు, అభ్యర్థులు ఎలా మెలగాలో చెప్పేది ఎన్నికల ప్రవర్తనా నియమావళి. ఈ వివాదాన్ని మలుపు తిప్పింది 2021 మే నెలలో గుంటూరు సీఐడీ కార్యాలయం చుట్టూ తిరిగిన కేసు.

అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ మే 14న హైదరాబాద్‌లో అరెస్టు చేసి గుంటూరుకు తరలించింది. ఆయన ప్రసంగాలు వర్గాల మధ్య చిచ్చు పెట్టేలా, ప్రభుత్వంపై విద్వేషం రగిలించేలా ఉన్నాయన్నది ప్రభుత్వ వాదన. అవి ప్రచార సభలో అన్న మాటలు కావు. అయినా నేటి వివాదానికి మూలం అక్కడే ఉంది. ఎందుకంటే ఆ మాటలను ప్రసారం చేసినందుకు టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్లను కూడా అదే రాజద్రోహం కేసులో నిందితులుగా చేర్చారు.

ఛానెళ్లు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. ప్రభుత్వాన్ని విమర్శించేవారిని తెర మీదికి తీసుకురావడానికే వార్తా సంస్థలు జంకేలా చేయడం ఈ కేసు ఉద్దేశమని, ఒక ఎంపీ బహిరంగంగా అన్న మాటలను ప్రజలకు చేరవేయడం నేరం కాజాలదని వాదించాయి. ఆ వాదనలో బలముంది. మే 31న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఛానెళ్లపై కఠిన చర్యలు తీసుకోకుండా నిలువరించింది. అంతేకాక, అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 124-ఏ (రాజద్రోహం), 153-ఏ (వర్గాల మధ్య వైరం రేపడం), 505 (ప్రజల్లో అలజడి రేపే ప్రకటనలు) సెక్షన్ల పరిధిని, ముఖ్యంగా ప్రభుత్వాన్ని విమర్శించే వార్తలనైనా అందించేందుకు పత్రికలకు, టీవీలకు ఉన్న హక్కు దృష్ట్యా, వ్యాఖ్యానించవలసి ఉందని పేర్కొంది. మరుసటి ఏడాది మే 11న 124-ఏ అమలునే సుప్రీంకోర్టు నిలిపివేసింది.

ఎన్నికల సంఘం అంతకుముందే మాట్లాడినవారి మీదే చర్య తీసుకునే దారి పట్టింది. 2019 ఏప్రిల్ 15న యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. ఆ తర్వాత 2024 మే 1న, సిరిసిల్లలో చేసిన అభ్యంతరకర వ్యాఖ్యలకు కేసీఆర్‌ను 48 గంటలపాటు ప్రచారం చేయకుండా నిషేధించింది.

అయితే వార్తగా ఒకసారి చెప్పడం వేరు, నాయకుడి తిట్టును మాత్రమే కత్తిరించి రోజంతా తిప్పి చూపడం వేరు. పరువుకు భంగం కలిగించే కార్యక్రమాలను 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోని ఆరో నిబంధన నిషేధిస్తోంది. ప్రత్యర్థుల ఇళ్లలోని, రాజకీయాలతో సంబంధం లేని ఆడవారిని నాయకులు రచ్చకీడ్చినప్పుడు, ఆ మాట సభలో విన్నవారి కంటే టీవీలో పదేపదే చూసినవారే ఎక్కువ.