కపెర్నహూము సమాజమందిరం: నేల పలకల కింద దొరికిన నాణేలు

ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలయలో ఉన్న ప్రాచీన యూదు సమాజమందిరాల (ప్రార్థనా స్థలాల) వయసు గురించిన పాత వివాదాన్ని, అక్కడి హుక్కోక్ అనే పాత గ్రామంలోని తవ్వకాలు మళ్లీ ముందుకు తెచ్చాయి. 2011లో మొదలైన ఆ తవ్వకాల్లో అమెరికన్ పురావస్తువేత్త జోడీ మాగ్నెస్ బృందం ఒక సమాజమందిరంలో సమ్సోను కథ, నోవహు ఓడ చిత్రించిన మొజాయిక్ (రంగురాళ్ల) నేలను వెలికితీసి, అది 5వ శతాబ్ది తొలినాళ్లదని తేల్చింది. అయితే అసలు తగవు గలిలయ సముద్రతీరాన ఉన్న కపెర్నహూముది. యేసు బోధించిన ఆ ఊరిని తెలుగు బైబిలు పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు.

అక్కడి సమాజమందిరాన్ని 1905లో తవ్విన జర్మన్ పరిశోధకులు కోల్, వాట్సింగర్‌ల అభిప్రాయమే దశాబ్దాలపాటు చెల్లింది. తెల్ల సున్నపురాతి స్తంభాలు, చెక్కడాలు సిరియాలోని రోమన్ కట్టడాలను పోలి ఉన్నందున అది 2, 3 శతాబ్దాలనాటిదని పండితులు నమ్మారు. 1968 నుంచి తవ్వకాలు సాగించిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు విర్జిలియో కోర్బో, స్టానిస్లావో లోఫ్రెడా మాత్రం నేల పలకలను ఎత్తి చూశారు. ఆ పలకల అడుగున పరచిన సున్నపు పొరలోనూ, దానికింద ఎత్తు కోసం పోసిన మట్టిలోనూ 4వ శతాబ్ది చివరి నాణేలు, 5వ శతాబ్ది నాణేలు బయటపడ్డాయి. ఒక్క ముంగిలి కిందే 20 వేలకు పైగా దొరికాయి. శిల్పి తాతలనాటి పద్ధతిలో చెక్కవచ్చుగాని, ఇంకా ముద్రించని నాణెం నేల కిందికి చేరదు.

గిడియోన్ ఫోర్‌స్టర్ వంటి ఇజ్రాయెలీ పురావస్తువేత్తలు దీనికి ఒప్పుకోలేదు. తర్వాతి మరమ్మతుల్లో నాణేలు చేరి ఉంటాయన్నది వారి వాదన. కానీ ఆ సున్నపు పొర ఎక్కడా తెగకుండా ఉందని తవ్వినవారు చెబుతున్నారు. మరమ్మతంటే నేలంతటినీ పెకలించి మళ్లీ వేశారనుకోవాలి.

ఇంత పట్టుదలకు కారణం నాణేలకన్నా చరిత్రలో ఉంది. కొత్త సమాజమందిరాలు కట్టరాదని, కూలబోయేవాటిని మాత్రం బాగుచేసుకోవచ్చని 438లో రోమన్ చక్రవర్తి రెండవ థియోడోసియస్ శాసించాడు. క్రైస్తవ పాలన కింద యూదులు అణగిపోయారన్న కథనానికి ఆ శాసనం ఒక ఆధారం. ఫ్రాన్సిస్కన్ల లెక్క నిజమైతే, ఇంచుమించు అదే కాలంలో, పేతురు ఇల్లుగా చెప్పే చోట క్రైస్తవులు అష్టకోణ మందిరం కట్టుకున్న ఊళ్లోనే, దానికి అతి సమీపంలో యూదులు అంతకన్నా ఘనమైన సమాజమందిరాన్ని నిలబెట్టారన్నమాట. రాజధానిలో రాసిన చట్టం గలిలయ పల్లెల్లో ఏమేరకు అమలైందన్న ప్రశ్నను హుక్కోక్ ఇప్పుడు మరింత బలంగా అడుగుతోంది.

తెల్లరాతి గోడల కిందనున్న నల్లరాతి పునాది విషయంలో మాత్రం ఫ్రాన్సిస్కన్లు అంత జాగ్రత్త పాటించలేదనిపిస్తుంది. దాని దగ్గర 1వ శతాబ్దపు కుండపెంకులున్న రాతినేల కనిపించడంతో, అదే యేసు బోధించిన సమాజమందిరమని వారు ప్రకటించారు. అక్కడి ఫలకం కూడా యాత్రికులకు అదే చెబుతోంది. ఆ గోడలు ఇళ్లవి కావచ్చన్న అభ్యంతరం అందులో లేదు.