మేయర్‌గా ఓడినవాళ్లు వార్డుకి దిగాలా? టొరంటోలో ఈ ప్రశ్న వెనకున్న కథ

2018 జులై 27, శుక్రవారం. టొరంటో నగర ఎన్నికల నామినేషన్లకు ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండు గంటలకు గడువు. ఆ పొద్దునే, ఆ నగరం ఉన్న కెనడా రాష్ట్రం ఒంటారియో ప్రీమియర్ (అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు) డగ్ ఫోర్డ్ మీడియా ముందుకొచ్చి, టొరంటో కౌన్సిల్‌ని దాదాపు సగానికి కోసేస్తున్నామని ప్రకటించారు. ఆ ఏడాది 47 వార్డులకు ఎన్నికలు జరగాలి. మే 1 నుంచే అభ్యర్థులు నామినేషన్లు వేసి ఇంటింటికీ తిరుగుతున్నారు. ఇకనుంచి 25 వార్డులే అన్నారాయన.

అలా తిరుగుతున్నవాళ్లలో జార్జ్ స్మిదర్‌మన్ ఒకరు. ఎనిమిదేళ్ల కిందట, 2010లో, మేయర్ పదవికి పోటీ చేసి ఓడిన మనిషి. ఆయన్ని ఓడించింది రాబ్ ఫోర్డ్, అంటే ఇప్పుడు వార్డులు కోసేస్తున్న డగ్ ఫోర్డ్‌కి స్వయానా తమ్ముడు. ఆ డగ్ ఫోర్డ్ కూడా 2014లో మేయర్‌గా నిలబడి ఓడినవాడే. ఓడిన ఇద్దరిలో ఒకరు చిన్న కుర్చీ చాలనుకుని వార్డుకొచ్చారు. రెండోవారు వార్డు ఊసెత్తకుండా రాష్ట్రం మొత్తాన్నీ చేతిలోకి తెచ్చుకుని, ఆ చిన్న కుర్చీల లెక్కే మార్చేశారు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇలా రాదు. హైదరాబాద్‌లో ముందు కార్పొరేటర్‌గా గెలవాలి, ఆ తర్వాత కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిసి మేయర్‌ని ఎన్నుకుంటారు. మేయర్ పదవి దక్కకపోయినా వార్డు సీటు చేతిలో ఉంటుంది. 2002లో మాత్రం మేయర్‌కి జనమే నేరుగా ఓటేశారు, తీగల కృష్ణారెడ్డి అలా గెలిచినవారే. ఆ తర్వాత మళ్లీ పాత పద్ధతే. టొరంటోలో నేరుగా ఎన్నిక ఎప్పటినుంచో ఉంది. పైగా అక్కడ నగర ఎన్నికల్లో పార్టీలు లేవు, బ్యాలెట్ మీద పేరు తప్ప గుర్తు ఉండదు. ఒక మనిషి ఒకే పదవికి నిలబడాలి. మేయర్‌కి నామినేషన్ వేసినవాళ్లు కౌన్సిలర్‌కి మళ్లీ వేస్తే మొదటిది రద్దయిపోతుంది. మేయర్‌గా ఓడితే ఆ రాత్రికి ఇంటికే. నాలుగేళ్ల తర్వాత గానీ, మధ్యలో ఏదైనా ఉపఎన్నిక వస్తే గానీ మళ్లీ తలుపు తెరుచుకోదు. అప్పుడు మళ్లీ మేయర్‌కే నిలబడాలా, వార్డుకి దిగాలా, రెండూ వద్దనుకుని ఇంకెక్కడికైనా పోవాలా?

స్మిదర్‌మన్ సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే వార్డుకి దిగాలనుకునే ఎవరికైనా ఆయనకున్నన్ని అనుకూలతలు ఉండటం కష్టం. 1999 నుంచి 2010 దాకా డౌన్‌టౌన్ నుంచే ఒంటారియో శాసనసభకు ప్రాతినిధ్యం వహించారు. తాను గే అని బాహాటంగా చెప్పి ఆ సభకు ఎన్నికైన మొదటి వ్యక్తి ఆయనే. ఆరోగ్య శాఖ చూశారు, ఇంధన శాఖ చూశారు, ఉప ప్రీమియర్‌గానూ చేశారు. 2009 చివర్లో మంత్రి పదవి, 2010 మొదట్లో శాసనసభ సీటు వదిలి మేయర్ బరిలోకి దిగారు. అందరూ ఆయనే గెలుస్తారనుకున్నారు. అక్టోబర్ 25న లెక్క తేలేసరికి రాబ్ ఫోర్డ్‌కి 3,83,501 ఓట్లు, స్మిదర్‌మన్‌కి 2,89,832. శివార్లన్నీ ఫోర్డ్ వైపు, పాత నగరం చాలావరకు స్మిదర్‌మన్ వైపు. ఆ రోజు ఫలితాల మ్యాప్ చూస్తే ఒకే నగరంలో రెండు ఊళ్లున్నట్టు కనిపించింది.

అంటే 2018లో ఆయన దిగింది కొత్త చోటేమీ కాదు, తాను పదకొండేళ్లు ఎమ్మెల్యేగా ఉన్న వీధుల్లోకే. 47 వార్డుల మ్యాప్ చూసుకుని డౌన్‌టౌన్‌లో తనకు అనువైన వార్డు ఎంచుకున్నారు. మ్యాప్ మారాక సరిహద్దులు పెద్దవయ్యాయి. క్రిస్టిన్ వాంగ్-టామ్ అనే సిట్టింగ్ కౌన్సిలర్‌తో ముఖాముఖి తలపడాల్సి వచ్చింది. 2010లో స్మిదర్‌మన్ మేయర్‌గా ఓడిన రాత్రే వాంగ్-టామ్ మొదటిసారి కౌన్సిలర్‌గా గెలిచారు. మధ్యలో ఎనిమిదేళ్లు ఆ గల్లీల్లో ఉన్నది ఒకరే. 13వ వార్డు ఫలితం వచ్చేసరికి వాంగ్-టామ్‌కి సగం దాకా ఓట్లు పడ్డాయి, స్మిదర్‌మన్‌కి అందులో మూడో వంతుకూ కాస్త తక్కువే. ఒకప్పుడు ఊరంతా తిరిగి రెండు లక్షల తొంభై వేల ఓట్లు తెచ్చుకున్న మనిషికి సొంత ఇలాకాలో ఐదు వేలు కూడా రాలేదు.

దీన్ని పరువు సమస్యగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్ద పదవికి పోటీ చేసినవాడు చిన్నదానికి రావడమేంటని జనం నవ్వుకుంటారని. నాకు మాత్రం అసలు చిక్కు అక్కడ కనిపించదు. టొరంటోలో జనం కౌన్సిలర్‌కి దేనికి ఫోన్ చేస్తారో చూడండి. రోడ్డు మీది మంచు తోసే బండి, స్నో ప్లౌ, వెళ్లాక డ్రైవ్‌వేకి అడ్డంగా మంచు గుట్ట మిగిలిపోతుంది, కారు బయటికి రాదు. చెట్టు కొమ్మ కరెంటు తీగల మీదికి వాలుతుంది. పక్కింటాయన మూడంతస్తులకు పర్మిషన్ అడిగాడు, మన వంటింటికి ఎండ రాదు. ఇవి చెప్పుకోవడానికి 311 నంబరుంది, కానీ అక్కడ పని కాకపోతే వార్డు ఆఫీసుకే ఫోన్ పోతుంది. నాలుగేళ్లపాటు ఆ ఫోన్లు ఎత్తినవాళ్ల పేరు జనానికి గుర్తుంటుంది. మేయర్ ఎన్నికల డిబేట్లో ట్రాఫిక్ గురించి గట్టిగా మాట్లాడినవాళ్ల మొహం గుర్తుంటుంది గానీ, ఓటు వేరే విషయం.

ఈ సంగతి ఫోర్డుల కుటుంబానికి తెలిసినంతగా ఆ నగరంలో ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది. రాబ్ ఫోర్డ్ మేయర్ కాకముందు పదేళ్లు ఎటోబికో నార్త్ కౌన్సిలర్. ఎవరు ఫోన్ చేసినా తిరిగి తనే ఫోన్ చేస్తాడన్న పేరు ఆయనది. పక్క వార్డు వాళ్లు చేసినా అంతే, దాంతో ఆ వార్డుల కౌన్సిలర్లు చిరాకుపడేవారు కూడా. 2014లో మేయర్‌గా మళ్లీ పోటీలో ఉండగా కడుపులో కణితి బయటపడి ఆస్పత్రిలో చేరారు. నామినేషన్ల ఆఖరి రోజు సెప్టెంబర్ 12న, గడువుకు కాసేపు ముందు, మేయర్ బరి నుంచి తప్పుకుని తన పాత రెండో వార్డుకి నామినేషన్ మార్చారు. మేయర్‌కి అన్న డగ్ నిలబడ్డారు. అప్పటికే ఆ వార్డులో పోటీకి దిగిన మేనల్లుడు మైకేల్ పక్కకు జరిగి స్కూల్ బోర్డుకి వెళ్లాడు. ఒక్క పూటలో ఒకే ఇంట్లో మూడు కుర్చీలు మారాయి. పేరు మోసిన గొడవలన్నీ నెత్తిమీద ఉండి కూడా, సరిగ్గా ప్రచారం చేసేంత శక్తి ఒంట్లో లేకపోయినా, రాబ్ ఫోర్డ్ ఆ వార్డులో సగానికి పైగా ఓట్లతో గెలిచారు. 2016 మార్చిలో ఆయన పోయాక ఉపఎన్నికలో మైకేల్ గెలిచాడు. 2000 నుంచి 2022 దాకా ఆ ప్రాంతం కౌన్సిల్ సీటు ఆ ఇల్లు దాటి పోలేదు.

అలా వార్డుకి దిగి గెలిచిన రాబ్ ఫోర్డ్ మేయర్‌గా ఓడిన అభ్యర్థి కాదు, ఓడకముందే దిగినవాడు. తేడా అక్కడే ఉంది. అదే 2014లో సారా థామ్సన్ కూడా మేయర్ పోటీ మధ్యలో వదిలి 20వ వార్డుకి మారారు. ఓడిపోయారు. అంతకుముందు 2006లో అప్పటి మేయర్ డేవిడ్ మిల్లర్ చేతిలో మేయర్‌గా ఓడిన జేన్ పిట్‌ఫీల్డ్, అప్పటిదాకా కౌన్సిలర్‌గా ఉన్న మనిషే, 2010లో వేరే వార్డు నుంచి తిరిగి వద్దామని చూశారు. కుదరలేదు.

మరి వార్డు వైపు చూడనివాళ్ల సంగతి? జాన్ టోరీ 2003లో మిల్లర్ చేతిలో ఓడారు. మరుసటి ఏడాది ఒంటారియో కన్సర్వేటివ్ పార్టీ నాయకుడయ్యారు, 2007 ఎన్నికల్లో తాను నిలబడిన సీటులో కూడా ఓడిపోయారు, తర్వాత రేడియోలో టాక్ షో నడిపారు. 2014లో మేయరయ్యారు. ఆ ఎన్నికలో ఓడిన ఇద్దరిలో డగ్ ఫోర్డ్ నాలుగేళ్లు తిరక్కుండా ప్రీమియర్ అయ్యారు. మూడో స్థానంలో నిలిచిన ఒలీవియా చౌ అంతకుముందు పద్నాలుగేళ్లు కౌన్సిలర్, ఎనిమిదేళ్లు ఎంపీ. 2015లో పార్లమెంటుకి పోటీ చేసి మళ్లీ ఓడారు. కౌన్సిల్‌కి తిరిగి వెళ్లాలనుకుంటే ఆమెకి కష్టమయ్యేది కాదేమో. వెళ్లలేదు. ఎదురుచూశారు. 2023 ఫిబ్రవరిలో టోరీ రాజీనామా చేయడంతో వచ్చిన ఉపఎన్నికలో 37 శాతం ఓట్లతో మేయరయ్యారు. ఆమె చేతిలో ఓడిన ఆనా బైలావ్ పన్నెండేళ్లు కౌన్సిలర్‌గా చేసిన మనిషి. ఆమె వార్డుకి కాకుండా ఫెడరల్ ప్రభుత్వం 2025లో పెట్టిన గృహనిర్మాణ సంస్థ బిల్డ్ కెనడా హోమ్స్‌కి సీఈఓగా వెళ్లారు.

ఇలా చూస్తే వార్డుకి దిగకపోవడమే తెలివైన పని అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ఒక మోసం ఉంది. టోరీకి, చౌకి, ఫోర్డ్‌కి ఎదురుచూసే స్తోమత ఉంది: పార్టీ ఉంది, డబ్బో ఉద్యోగమో ఉంది, పేపర్లలో పేరు మాసిపోకుండా చూసుకునే దారి ఉంది. అవేమీ లేని అభ్యర్థి నాలుగేళ్లు ఖాళీగా కూర్చుంటే ఆ పేరు ఎవరికి గుర్తుంటుంది? అలాంటివాళ్లకి వార్డు సీటే దగ్గరి దారిలా కనబడుతుంది. ఖర్చు కూడా ఊరిస్తుంది. నామినేషన్ ఫీజు మేయర్‌కి 200 డాలర్లు, కౌన్సిలర్‌కి 100. ప్రచార ఖర్చు పరిమితి ఓటరుకి 85 సెంట్ల చొప్పున లెక్క. మేయర్‌కైతే అది పదిహేను లక్షల డాలర్లు దాటుతుంది, వార్డుకైతే లక్ష లోపే.

ఆంథనీ ఫ్యూరీ అలాగే అనుకుని ఉండాలి. పత్రికలో కాలమిస్టు, 2023 ఉపఎన్నికకు ముందు ఎప్పుడూ ఏ పదవికీ పోటీ చేయలేదు. 102 మంది నిలబడిన ఆ పోటీలో నాలుగో స్థానం, ఐదు శాతం ఓట్లు. కొత్తవాడికి అది చెడ్డ ఫలితమేమీ కాదు. 2024 మేలో డాన్ వ్యాలీ వెస్ట్ కౌన్సిలర్ జే రాబిన్సన్ మరణించడంతో ఆ సీటు ఖాళీ అయింది. సిట్టింగ్ అభ్యర్థి లేని వార్డు దొరకడం అరుదు. ఫ్యూరీ దిగారు. నవంబర్ 4న గెలిచింది రేచల్ చెర్నోస్ లిన్, స్కూల్ బోర్డు ట్రస్టీ. అప్పటికే ఆ ప్రాంతం తల్లిదండ్రులతో బడుల విషయమై రోజూ మాట్లాడుతున్న మనిషి. ఫ్యూరీకి రెండో స్థానం దక్కింది.

25 వార్డులయ్యాక ఇది ఇంకా బిగుసుకుంది. ఒక్కో వార్డులో లక్షకు పైగా జనం. ఫెడరల్ నియోజకవర్గాల సరిహద్దులే తెచ్చి పెట్టారు కాబట్టి ఒక ఎంపీ చూసుకునేంత ప్రాంతం ఒక కౌన్సిలర్ చూసుకోవాలి. 2014లో 44 సీట్లుండేవి, ఇప్పుడు ఉన్నవే తక్కువ, ఖాళీ అయ్యేవి ఇంకా తక్కువ. డగ్ ఫోర్డ్ చెప్పిన కారణం ఖర్చు తగ్గింపు, నాలుగేళ్లలో రెండున్నర కోట్ల డాలర్లు మిగులుతాయని. పాత కక్ష అన్నారు ప్రత్యర్థులు. 2018 సెప్టెంబర్ 10న ఒక జడ్జి ఆ చట్టాన్ని కొట్టేశారు. పది రోజులు తిరక్కుండానే పై కోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. అభ్యర్థులకు ఏ వార్డులో కరపత్రాలు పంచాలో తెలియని టెన్షన్‌తోనే ఆ నెల గడిచిపోయింది. 2021 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు 5-4తో ఫోర్డ్ వైపే తీర్పిచ్చింది.

కౌన్సిలర్ చేతిలో ఉన్న బలం కూడా తగ్గుతూ వచ్చింది. 2022 చివర్లో వచ్చిన చట్టాలతో బడ్జెట్ ప్రతిపాదించేది మేయరే. కౌన్సిల్ తీర్మానాన్ని కొన్ని విషయాల్లో వీటో చేయొచ్చు. రాష్ట్ర ప్రాధాన్యాల పేరుతో మూడో వంతుకు మించిన సభ్యుల మద్దతుతోనే బైలా, అంటే నగర చట్టం, నెగ్గించుకునే వీలూ ఉంది. ఈ అధికారాలు ఇచ్చింది కూడా డగ్ ఫోర్డ్ ప్రభుత్వమే.

కెనడాలోనే ఇంకో నగరం, మాంట్రియల్ వాళ్లు ఈ ముడిని ఇంకోలా విప్పుకున్నారు. అక్కడ నగర స్థాయిలో పార్టీలున్నాయి. మేయర్ అభ్యర్థి ఒక వార్డులో తన జోడీని నిలబెట్టుకోవచ్చు. తాను మేయర్‌గా ఓడి, జోడీ గెలిస్తే ఆ సీటు తానే తీసుకోవచ్చు. 2013లో రిచర్డ్ బెర్జెరాన్ మేయర్‌గా మూడో స్థానంలో నిలిచారు. ఆయన జోడీ జనీన్ క్రీబెర్ సెయింట్ జాక్ వార్డులో గెలిచి సీటు ఆయనకి ఇచ్చేశారు. ఏడాది తిరిగేసరికి బెర్జెరాన్ తాను స్థాపించిన పార్టీనే వదిలి, తనని ఓడించిన మేయర్ డెని కోడేర్ కార్యవర్గంలో చేరిపోయారు. 2017లో అదే వార్డులో కోడేర్ పార్టీ తరఫున నిలబడితే జనం ఓడించారు. ఇంకొకరు గెలిచి ఇచ్చిన సీటు ఒక్కసారికే పనికొచ్చింది.

టొరంటోలో తదుపరి ఎన్నిక 2026 అక్టోబర్ 26. నామినేషన్లు మే 1న మొదలై ఆగస్టు 21 మధ్యాహ్నంతో ముగుస్తాయి. 2023లో ఓడినవాళ్లలో జోష్ మాట్లో, బ్రాడ్ బ్రాడ్‌ఫోర్డ్ లాంటి కౌన్సిలర్లు నష్టపోయిందేమీ లేదు. అది ఉపఎన్నిక కాబట్టి వార్డు సీటు వదలకుండానే మేయర్‌కి నిలబడ్డారు. బ్రాడ్‌ఫోర్డ్‌కి ఒకటిన్నర శాతం ఓట్లు కూడా రాలేదు, ఎనిమిదో స్థానం. అయినా మరుసటి రోజు తన వార్డు ఆఫీసుకి వెళ్లి కూర్చున్నారు. 2026లో మళ్లీ మేయర్‌కి పోటీ చేస్తానని ఆయన ముందే ప్రకటించారు. ఈసారి సాధారణ ఎన్నిక, నామినేషన్ ఒకదానికే వేయాలి.