నక్షత్రాల చుట్టూ ఊదారంగు వలయాలు: అపోహలు, వాస్తవాలు

కళింగపట్నం తీరంలోనూ వంశధార ఒడ్డునా ఆకాశ చిత్రాలు తీసే నన్ను, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు అందరికంటే ముందు అడిగేది నక్షత్రాల చుట్టూ కనిపించే రంగు వలయాల గురించే. ఆ వలయాలన్నిటికీ కారణం ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అపోహ: వలయం వచ్చిందంటే టెలిస్కోపు నాసిరకమే.

వాస్తవం: రెండు కటకాల అక్రోమాట్ టెలిస్కోపును 656 నానోమీటర్ల ఎరుపు, 486 నానోమీటర్ల నీలం కాంతులు ఒకే చోట కేంద్రీకరించేలా తయారు చేస్తారు. అంతకంటే పొట్టి తరంగాల ఊదా కాంతి మాత్రం అక్కడ కుదురుకోక చుట్టూ పరుచుకుంటుంది. మన కంటికి అంతగా ఆనని ఆ ఊదాను కెమెరా సెన్సర్ బాగానే పట్టుకుంటుంది కాబట్టి, కంటితో చూసినప్పుడు శుభ్రంగా ఉన్న నక్షత్రమే చిత్రంలో ఊదా అంచుతో వస్తుంది. అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే ఫిల్టరు, కెమెరా లెన్సయితే కాంతి వచ్చే రంధ్రాన్ని ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 4కు తగ్గించడం, చాలావరకు ఉపశమనం ఇస్తాయి.

అపోహ: రంగు అంచు కనిపిస్తే తప్పు లెన్సుదే.

వాస్తవం: అగస్త్య నక్షత్రం శ్రీకాకుళం నుంచి చూస్తే దక్షిణాన సుమారు 19 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. అంత కింద వాతావరణమే పట్టకంలా పనిచేసి, నక్షత్రానికి పైవైపు నీలం, కిందివైపు ఎరుపు చూపిస్తుంది. (నేను దీనికి లెన్సునే నిందిస్తూ ఒక శీతాకాలం గడిపాను.) అంచు చిత్రమంతటా ఒకే దిక్కున ఉంటే అది గాలి పని, చిత్రం మధ్య నుంచి అంచులకు పోయేకొద్దీ పెరుగుతుంటే లెన్సు పని. గాలి పని అయితే చిత్రంలోని ఎరుపు, నీలం ఛానెళ్లను (ఒక్కో రంగు పొరను) విడదీసి ఆకుపచ్చ ఛానెల్ మీదికి సరిగ్గా జరిపితే సరిపోతుంది.

అపోహ: చిత్రం మొత్తానికి నీలం, ఊదా రంగులను తగ్గించేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: ఇది అన్నిటికంటే ఎక్కువ చిత్రాలను పాడుచేస్తున్న అలవాటు. పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికల చుట్టూ ఉండే నీలి మసక దోషం కాదు. నక్షత్రకాంతిని వెదజల్లే ధూళి అది. దాన్ని వలయమనుకుని తుడిచేసిన చిత్రాలు నాకు చాలా వచ్చాయి. నీలం నిజం కావచ్చు గాని, వేడి వస్తువుల వెలుగు ఎరుపు, పసుపు, తెలుపు, నీలి తెలుపు వరుసలోనే ఉంటుంది కనుక నక్షత్రం వంగపండు రంగులో ఉండదు. అందువల్ల నేను ముందు స్టార్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నక్షత్రాలను నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) నుంచి వేరుచేస్తాను. తరువాత సిరిల్ అనే చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రాల చిత్రాన్ని నెగటివ్‌గా మారుస్తాను. ఊదా వలయం ఆకుపచ్చ అవుతుంది. అప్పుడు ఆకుపచ్చ నాయిస్ తొలగించి, తిరిగి మామూలు చిత్రంగా మారుస్తాను. నెబ్యులాను ఇందులో కలిపితే హైడ్రోజన్ ఎరుపు దెబ్బతింటుంది.

వలయాన్ని ఎత్తి చూపేది మనం చేసే స్ట్రెచ్ (మసక వివరాలు కనిపించేలా చిత్రం వెలుగు పెంచడం) కూడా. నక్షత్రం నడిమి భాగం తెల్లగా నిండిపోయాక, మసకగా ఉన్న అంచులే పైకి లేస్తాయి. అందుకే నక్షత్రాల కోసం కొన్ని తక్కువ నిడివి ఎక్స్‌పోజర్లు విడిగా తీసి, వాటిని మెల్లగా స్ట్రెచ్ చేస్తాను.

అపోహ: ఎలాంటి వలయాన్నయినా కృత్రిమ మేధ పరికరం తీసేస్తుంది.

వాస్తవం: లెన్సు మీద మంచు పడితే వచ్చే తెల్లని పెద్ద వలయాన్ని ఏదీ పూర్తిగా తీయలేదు. సముద్రపు తేమ ఉన్న మన తీరంలో లెన్సును వెచ్చగా ఉంచే హీటరు పట్టీ తప్పనిసరి. అది ఉన్నా, అర్ధరాత్రి దాటాక అరగంటకోసారి ఎర్ర టార్చి వేసి కటకం చూసుకుంటాను.