లైసెన్స్ 2005లో, అక్రిడిటేషన్ 2013లో

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసినప్పుడు, అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారని టీవీల్లో చూసి ఇక్కడి తల్లిదండ్రులకు కంటి మీద కునుకు లేదు. ఆ కాలేజీకి విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చే అనుమతి ఉంది. అక్రిడిటేషన్, అంటే చదువు నాణ్యతను పరిశీలించి వేసే ముద్ర, లేదు. మనమేమో రెండింటినీ కలిపి 'గుర్తింపు' అనేస్తాం.

ప్రభుత్వ అనుమతికీ అక్రిడిటేషన్‌కూ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి శాన్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ మంచి ఉదాహరణ. అది ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఒక్కటే చెప్పే విద్యాసంస్థ. ఉండేది అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో.

1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. ఆ మరుసటి ఏడాదే ఈ ఇన్‌స్టిట్యూట్‌కు మాతృసంస్థ అయిన శాన్స్ మొదలైంది. అప్పట్లో దానికి డిగ్రీల ఊసే లేదు. ఉద్యోగాల్లో ఉన్న సిస్టమ్ అడ్మిన్లకు శిక్షణ ఇవ్వడమే పని. హోటల్ హాళ్లలో ఐదారు రోజుల క్లాసులు పెట్టి, చివర చేతికో లావాటి పుస్తకాల కట్ట ఇచ్చి పంపేవారు. 1999లో దీనికి తోడుగా పరీక్ష పెట్టి సెక్యూరిటీ నైపుణ్యానికి ఇచ్చే జియాక్ సర్టిఫికెట్లు వచ్చాయి.

2001 మార్చి 22న ప్రపంచంలో పలుచోట్ల 53వ పోర్టును ఎవరో తట్టి చూస్తున్నట్టు సెన్సర్లలో నమోదైంది. పోర్టు అంటే కంప్యూటర్లోకి వెళ్లే నంబరు తలుపు లాంటిది; వెబ్‌సైట్ పేర్లను అడ్రసులుగా మార్చే సర్వర్లు వాడే పోర్టు అది. శాన్స్‌తో పనిచేసేవాళ్లు వెంటపడి చూస్తే లయన్ వార్మ్ బయటపడింది. వెంటనే హెచ్చరిక వెళ్లింది. ఇలాంటి పని తెలిసినవాళ్లు చాలినంతమంది లేరన్నదే అప్పటి అసలు టెన్షన్.

2005లో మేరీల్యాండ్ ఉన్నత విద్యా కమిషన్ శాన్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌ను మాస్టర్స్ డిగ్రీలు ఇచ్చేందుకు అనుమతించింది. నౌకాదళ ప్రయోగశాలలో షాడో అనే చొరబాటు గుర్తింపు వ్యవస్థ మీద పనిచేసిన స్టీఫెన్ నార్త్‌కట్ తొలి అధ్యక్షుడు. శాన్స్‌ను స్థాపించిన ఆలన్ పాలర్ తర్వాత ఆ పదవిలోకి వచ్చారు.

చట్టం ప్రకారం డిగ్రీ ఇవ్వొచ్చు. కానీ ఆ డిగ్రీని వేరే యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోవాలంటే అక్రిడిటేషన్ కావాలి. అమెరికాలో అది ప్రభుత్వం నేరుగా ఇచ్చేది కాదు. విద్యాశాఖ గుర్తించిన ఏజెన్సీలు ఇస్తాయి. ఆ ప్రాంతంలో పేరున్నది మిడిల్ స్టేట్స్ కమిషన్. కాలేజీ ముందు తన గురించి తానే నివేదిక రాసుకోవాలి, తర్వాత వేరే కాలేజీల వాళ్లు వచ్చి తిరగేస్తారు. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది: కనీసం ఒక బ్యాచ్ పట్టా పుచ్చుకుని బయటికి వచ్చాక గానీ అక్రిడిటేషన్ రాదు. అంటే మొదటి బ్యాచ్ నమ్మకం మీదే చేరాలన్నమాట.

శాన్స్ విషయంలో ఇంకో చిక్కు ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. అది లాభాల కోసం నడిచే శిక్షణ కంపెనీ. కోచింగ్ సెంటరే డిగ్రీ ఇస్తానంటే మనమైనా అనుమానంగానే చూస్తాం కదా! పైగా ఇక్కడ చాలా కోర్సులకు చివరి పరీక్ష జియాక్ పరీక్షే. అదీ పుస్తకాలు తెరిచి రాసేది. విద్యార్థులు పేజీలకు రంగురంగుల చీటీలు అంటించి, ఏ మాట ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో సొంతంగా సూచిక తయారుచేసుకుని వెళ్తారు. సూచిక సరిగ్గా లేకపోతే పుస్తకం పక్కనే ఉన్నా టైం చాలదు.

2013 నవంబర్‌లో మిడిల్ స్టేట్స్ అక్రిడిటేషన్ వచ్చింది, అనుమతి వచ్చిన ఎనిమిదేళ్లకు. తర్వాత బ్యాచిలర్స్ కోర్సు కూడా పెట్టారు. అందులో విద్యార్థి 70 క్రెడిట్లు వేరే కాలేజీలో చదివి తెచ్చుకుంటే, ఇక్కడ 50 పూర్తి చేస్తాడు. ఆ 70 తెచ్చుకునే కాలేజీకి కూడా అక్రిడిటేషన్ ఉండాల్సిందే.